సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు దూరమెంత, నిజంగా పట్టే సమయమెంత?

నిదానంగా (ప్రశ్న):

నమస్కారం. వచ్చే జనవరిలో మా అమ్మను వెంటబెట్టుకొని సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లవలసిన పని పడింది. ఆమెకు ఎనిమిది గంటలకొకటి చొప్పున తప్పకుండా వేయవలసిన మాత్ర ఒకటి ఉంది కాబట్టి, బయలుదేరింది మొదలు దిగేదాకా అసలు ఎన్ని గంటలు గడుస్తాయో ముందుగానే లెక్కకట్టి పెట్టుకుందామనుకున్నాను. తీరా కూర్చుంటే నాలుగు చోట్ల నాలుగు అంకెలు వచ్చాయి.

గోడ మీది ప్రపంచపటంపై రెండు నగరాల మధ్య దారం పట్టి, పటం అడుగున భూమధ్యరేఖకు ఇచ్చిన స్కేలుతో కొలిస్తే 20,000 కిలోమీటర్లు దాటింది. ఇంటర్నెట్‌లో దూరాలు లెక్కించే పేజీలో చూస్తే 15,340 అని వచ్చింది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే ఈ రెండో అంకెకు 17 గంటలు సరిపోవాలి గదా, టికెట్టు మీద మాత్రం 18 గంటల 40 నిమిషాలని ఉంది. ఇవి చాలవన్నట్టు, అదే టికెట్టులో 12వ తేదీ రాత్రి 12:10కి బయలుదేరి అదే 12వ తేదీ తెల్లవారుజామున 5:50కి చేరతామని రాసి ఉండటం చూసి అమ్మ, "అయితే ఐదున్నర గంటల ప్రయాణమేగా, దారిలో ఒక్క మాత్ర చాలు" అని తేల్చేసింది.

వీటిలో ఏ దూరం నిజమైనది, దూరానికీ సమయానికీ పొంతన ఎందుకు కుదరడం లేదు, మాత్రల విషయంలో నేను ఏ అంకెను పట్టుకోవాలి అన్నవి నా సందేహాలు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

పాతపటం (జవాబు):

మీరు దారం సరిగానే పట్టారు, తేడా అంతా పటంలోనే ఉంది. గోడలకు తగిలించే పటాల్లో అనేకం 1569లో గెరార్డస్ మెర్కేటర్ అనే పటాల నిపుణుడు గీసిన పద్ధతిని అనుసరించినవి. దిక్సూచిని ఒకే దిశలో ఉంచి సాగిపోయే ఓడ దారి పటం మీద తిన్నని గీతగా కనపడాలన్నది ఆయన ఉద్దేశం. ఆ సౌకర్యం కోసం భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయే కొద్దీ పటాన్ని సాగదీయవలసి వచ్చింది. న్యూయార్క్ ఉన్న అక్షాంశం దగ్గర ఆ సాగుడు దాదాపు 1.3 రెట్లు ఉంటుంది కాబట్టి, భూమధ్యరేఖ స్కేలుతో అక్కడి దూరాన్ని కొలిస్తే అది ఉబ్బిపోయే కనపడుతుంది. మీ కొలత తప్పనడానికి సాక్ష్యం ఆ కొలతలోనే ఉంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి, భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దగ్గరి దారి అందులో సగానికి, అంటే 20,000కు మించడానికి వీల్లేదు.

పటం మీది ఆ తిన్నని గీతనే నిజమైన భూమి మీద అనుసరిస్తే సుమారు 18,500 కిలోమీటర్లు అవుతుంది. దగ్గరి దారి అది కాదు. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి, ఆ గోళాన్ని సరిగ్గా సగానికి కోసే వృత్తంలో ఒక ముక్క. దానినే మహావృత్తమంటారు, విమానాల వాళ్లు గ్రేట్ సర్కిల్ అంటారు. మీ పేజీ చూపిన 15,340 ఈ లెక్క ప్రకారం వచ్చినదే. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు నగరాల మీద దారం రెండు కొసలూ ఆనించి బిగించి చూడండి. దారం తనంతట తానే పైకి జారి దాదాపు ఉత్తర ధ్రువం మీదికి వెళ్లి కూర్చుంటుంది.

ఎందుకలా జరుగుతుందో చేతిలెక్కతోనే తేల్చవచ్చు. సింగపూర్ తూర్పు రేఖాంశం సుమారు 104 డిగ్రీలు, న్యూయార్క్ పశ్చిమ రేఖాంశం సుమారు 74 డిగ్రీలు, రెండూ కలిపితే 178. అంటే ఒకటి భూమికి ఈ పక్కన ఉంటే రెండోది ఇంచుమించు సరిగ్గా ఆ పక్కన ఉన్నట్టు. అలాంటప్పుడు దగ్గరి దారి ధ్రువాన్ని ఒరుసుకునే పోవాలి. సింగపూర్ ఒక డిగ్రీ అక్షాంశం మీద ఉంది కాబట్టి అక్కడి నుంచి ధ్రువానికి 89 డిగ్రీలు ఎక్కాలి, న్యూయార్క్ 41 దగ్గర ఉంది కాబట్టి ధ్రువం నుంచి 49 డిగ్రీలు దిగాలి. మొత్తం 138 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 15,318. దశాంశాలన్నీ కలిపి కచ్చితంగా చేస్తే మీ పేజీలోని అంకె వస్తుంది. కాగితం మీద మూడు పంక్తుల్లో తేలిపోయే ఈ లెక్క నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఆ గీత ధ్రువానికి 280 కిలోమీటర్ల దాకా దగ్గరగా వెళుతుంది.

విమానం 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, దూరం పెరగదా అని కొందరు అడుగుతుంటారు. పెరుగుతుంది, కానీ ఇంత పొడవు ప్రయాణానికి సుమారు 26 కిలోమీటర్లే, అంటే రెండు నిమిషాల లోపు. దిగేది జేఎఫ్‌కే విమానాశ్రయమా, నది అవతలి నెవార్కా అన్నది కూడా ఈ లెక్కలో పట్టించుకోవలసినంత తేడా తేదు.

ఉదయభాను (జవాబు):

దూరం సంగతి పాతపటం గారు చక్కగా చెప్పారు. సమయం విషయంలో ఒక్క మాట కలుపుతాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి, తూర్పుకు వెళ్లే విమానానికి ఆ వేగం కూడా తోడై త్వరగా చేరుతుంది. పడమరకు వెళ్లేది అందువల్లనే ఆలస్యమవుతుంది.

మేఘమాల (జవాబు):

ఉదయభాను గారూ, మీరు చెప్పిన ఫలితం నిజమే, కారణం మాత్రం అది కాదు. విమానం నేల విడిచినంత మాత్రాన భూమి దాని కింద నుంచి జరిగిపోదు, ఎందుకంటే గాలి మొత్తం భూమితో పాటే తిరుగుతూ ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతుంది. గాలి దానితో కలిసి తిరగకపోతే, ఒకేచోట గంటసేపు గాలిలో నిలిచిన హెలికాప్టర్ దిగేసరికి 1,670 కిలోమీటర్లు పడమరన ఉండాలి. మీ తర్కాన్నే చివరిదాకా పట్టుకుపోతే, గమ్యమే ఎదురొచ్చినట్టుగా పడమరకు వెళ్లే విమానం ముందు చేరాలి. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు.

అసలు కారణం పైగాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, వెచ్చని గాలీ చల్లని గాలీ కలిసే చోట, పడమర నుంచి తూర్పుకు సన్నని నదిలాంటి ప్రవాహం ఒకటి పరుగెడుతూ ఉంటుంది. దానినే జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150, 200 కిలోమీటర్లు దానికి మామూలే, ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. భూమి తిరుగుడు ఆ గాలిని తూర్పుకు మళ్లిస్తుంది కాబట్టి ఉదయభాను గారి మాటలో ఆ మేరకు నిజముంది, కానీ విమానాన్ని తోసేది మాత్రం గాలే. ఈ గాలిని 1920లలో జపాన్‌లో వాసాబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి పదేపదే కొలిచి, 1926లో ఆ వివరాలను ఎస్పరాంటో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషలో ప్రచురించాడు. ప్రపంచమంతా చదవాలని ఆయన ఎంచుకున్న భాష అది. చదివినవారు మాత్రం బహు కొద్దిమంది.

దీని ప్రభావం లండన్, న్యూయార్క్ నగరాల మధ్య స్పష్టంగా కనపడుతుంది. ఆ దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. పడమరకు వెళ్లేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు, తూర్పుకు వచ్చేటప్పుడు దాదాపు ఏడు గంటలు పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను వీస్తున్న ఒక రాత్రి బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలో చేరింది. నేల లెక్కన దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అది ధ్వనివేగాన్ని దాటినట్టు కాదు, తన చుట్టూ ఉన్న గాలి లెక్కన అది మామూలు వేగంతోనే ఎగురుతోంది, ఆ గాలే పరుగెడుతోంది.

పోయేటప్పుడు ఆలస్యమైతే వచ్చేటప్పుడు సరిపోతుందిలే అనుకోవడం కూడా పొరపాటే. దూరం 9,000 కిలోమీటర్లు, విమానం వేగం 900, గాలి 100 అనుకోండి. వెనుకగాలితో 9 గంటలు, ఎదురుగాలితో 11 గంటల 15 నిమిషాలు, రానుపోను మొత్తం 20 గంటల 15 నిమిషాలు. గాలి లేకపోతే సరిగ్గా 20 గంటలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది.

ఇప్పుడు మీ దారి సంగతికి వస్తాను. ధ్రువం మీదుగా 15,340 కిలోమీటర్లు గాలి తోడు లేకుండా పోతే 17 గంటలు. దానికి బదులు జపాన్ పక్కగా, ఉత్తర పసిఫిక్ మీదుగా, అలాస్కా వైపు నుంచి తిరిగి 16,500 కిలోమీటర్లు పోయినా, దారి పొడవునా సగటున గంటకు 100 కిలోమీటర్ల వెనుకగాలి దొరికితే 16 గంటల 30 నిమిషాలే పడుతుంది. వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ తిరిగి అరగంట ముందు చేరడమన్నమాట. అందుకే న్యూయార్క్ వెళ్లే ఆ విమానం చాలాసార్లు పసిఫిక్ మీదుగా వెళుతుంది. తిరిగి వచ్చేది కూడా చాలాసార్లు తూర్పుకే, అట్లాంటిక్, ఐరోపాల మీదుగా వస్తుంది. వెళ్లి వచ్చేసరికి మీరు భూప్రదక్షిణ పూర్తి చేసినట్టే. ఏ రోజు ఏ దారి అన్నది ఆనాటి గాలుల అంచనా చూసి బయలుదేరడానికి కొన్ని గంటల ముందు నిర్ణయిస్తారు. జనవరిలో ఉత్తరార్ధగోళంలో ఈ ప్రవాహం బలంగా ఉంటుంది కనుక మీ విషయంలో ఇది మరీ వర్తిస్తుంది.

నిదానంగా:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ధ్రువం లెక్కను అమ్మకు వేసి చూపించాను, 138 డిగ్రీల దాకా శ్రద్ధగా విన్నది. అయితే నా అసలు చిక్కు ఇంకా పెద్దదైంది. గాలి తోడుంటే 16 గంటల 30 నిమిషాలు చాలినప్పుడు టికెట్టులో 18 గంటల 40 నిమిషాలు ఎలా వచ్చాయి? ఆ రెండు గంటలూ ఎక్కడికి పోయాయి? పైగా అమ్మకు ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు వాస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్లే విమానాన్ని కూడా డైరెక్ట్ అనే చూపిస్తున్నారు, అది ఎలాగో అర్థం కాలేదు.

గేటుదగ్గర (జవాబు):

నేను కొన్నేళ్లు ఒక విమానాశ్రయంలో నేల మీది పనులు చూసే విభాగంలో ఉన్నాను కాబట్టి ఆ రెండు గంటల లెక్క చెప్పగలను. టికెట్టులో ఉండేది గాలిలో గడిపే సమయం కాదు. చక్రాలకు అడ్డంగా పెట్టిన దిమ్మలు తీసి విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టిన క్షణం మొదలుకొని, అవతలి గేటు దగ్గర మళ్లీ దిమ్మలు పెట్టేదాకా గడిచే మొత్తం సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అచ్చువేసేది దానినే. రన్‌వే దాకా పోవడం, వరుసలో నిలబడటం, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా ఆగడం అన్నీ అందులోవే. జేఎఫ్‌కే వంటి రద్దీ చోట ఇవే అరగంటను ఇట్టే మింగేస్తాయి.

తరువాత, గంటకు 900 అన్నది పైకి చేరాక ఉండే వేగం. పదివేల అడుగుల కింద సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్లు మించకూడదన్న నియమం ఉంది. దానికి తోడు, ఇంత దూరం పోయే విమానం బయలుదేరేటప్పుడు ఇంధనంతో ఎంత బరువుగా ఉంటుందంటే, ఒక్కసారిగా తనకు అనువైన ఎత్తుకు ఎక్కలేదు. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఈ దారిలో నడిపే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్ అనే అతి దూరప్రయాణాల రకంలో ఇంధనం 1,65,000 లీటర్ల దాకా పడుతుంది, సీట్లు మాత్రం 161 మాత్రమే. ఆ సంస్థ ఇదే దారిలో 2004 నుంచి 2013 దాకా నాలుగు ఇంజన్ల ఏ340-500ను నడిపి, ఇంధనం ఖర్చు భరించలేక ఆపివేసి, ఈ కొత్త రకం వచ్చాక 2018 అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది.

మిగిలినది ముందుజాగ్రత్తగా కలిపిన సమయం. గాలి కలిసిరాని రోజున కూడా విమానం వేళకు చేరినట్టు కనపడాలి కాబట్టి షెడ్యూలులో కొంత ఎక్కువే వేస్తారు. కెప్టెన్ మైకులో "నలభై నిమిషాలు ముందుగా చేరుతున్నాం" అని సంతోషంగా ప్రకటించినప్పుడు, ఆ నలభై నిమిషాలూ చాలావరకు ఇలా దాచిపెట్టినవే.

ఆకాశంలో దారులు కూడా ఎప్పుడూ ఒక్కలా ఉండవు. 2022 ఫిబ్రవరి చివర రష్యా గగనతలం ఐరోపా సంస్థలకు మూతపడినప్పుడు, ఫిన్నెయిర్ వారి హెల్సింకి, టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి సుమారు పదమూడు గంటలకు పెరిగింది. రెండు నగరాలూ ఉన్నచోటే ఉన్నాయి, మీ దూరాల పేజీ ఆ రోజూ ఈ రోజూ ఒకే అంకె చూపిస్తుంది.

ఇక డైరెక్ట్ అన్న మాట గురించి. ఒకే ఫ్లైట్ నంబరుతో గమ్యం దాకా పోతే, మధ్యలో ఆగినా దానిని డైరెక్ట్ అనే అంటారు. ఎక్కడా ఆగకుండా పోయేది నాన్‌స్టాప్. మీరు చూసినది మొదటి రకం. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా సుమారు 10,280 కిలోమీటర్లు, అక్కడి నుంచి న్యూయార్క్‌కు సుమారు 6,190, మొత్తం 16,470. నేరుగా ఉన్న దగ్గరి దారి కంటే 1,130 మాత్రమే ఎక్కువ. సమయం మాత్రం అంతా కలిపి దాదాపు 24 గంటలు అవుతుంది, ఎందుకంటే మధ్యలో దిగి ఎక్కే వ్యవధితో పాటు దారి పొడవునా ఎదురుగాలి ఉంటుంది. కాళ్ల వాపు ఉన్న పెద్దవారికి పదమూడు గంటల తరువాత కాసేపు నడిచే వీలు దొరకడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. ఏది మంచిదో మీ డాక్టరును అడగండి. రెండు వేర్వేరు టికెట్లుగా మాత్రం కొనకండి, మొదటిది ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ పూచీపడరు.

రెండోగడియారం (జవాబు):

మాత్రల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సింగపూర్ గడియారం ఏడాది పొడవునా గ్రీనిచ్ కంటే 8 గంటలు ముందుంటుంది. న్యూయార్క్ చలికాలంలో 5 గంటలు వెనుక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా 4 గంటలు వెనుక ఉంటుంది. కాబట్టి మీరు వెళ్లే జనవరిలో రెండింటి మధ్య తేడా 13 గంటలు. టికెట్టులో కనపడే 5 గంటల 40 నిమిషాలకు ఈ 13 కలపండి, 18 గంటల 40 నిమిషాలు సరిగ్గా వచ్చేస్తాయి. తిరుగు ప్రయాణంలో ఇదే వ్యవహారం అటు తిరుగుతుంది. న్యూయార్క్‌లో 20వ తేదీ రాత్రి 10 గంటలకు ఎక్కితే, 18 గంటల 50 నిమిషాల తరువాత సింగపూర్‌లో 22వ తేదీ ఉదయం 5:50 అవుతుంది. విమానం పసిఫిక్ మీదుగా తేదీరేఖను దాటిందా, అట్లాంటిక్ మీదుగా వచ్చిందా అన్నదానితో దీనికి నిమిత్తం లేదు.

ఒకసారి మా నాన్నగారికి కంటిచుక్కలు వేళకు వేయవలసి వచ్చి నేను చేసిన పొరపాటు చెబుతాను. వేళలన్నీ సింగపూర్ టైము ప్రకారం కాగితం మీద రాసుకొని, సీట్లో కూర్చోగానే ఉత్సాహంగా వాచీని న్యూయార్క్ టైముకు తిప్పేశాను. ఉదయం 6 గంటల చుక్కలు వేయవలసిన వేళకు నా వాచీలో సాయంత్రం 5 అని ఉంది. కాగితంలో ఆ తరువాతి వేళ రాత్రి 10 కాబట్టి, ఇంకా ఐదు గంటలుందని నిశ్చింతగా నిద్రపోయాను. లేచి వాచీ చూసి చుక్కలు వేసేసరికి అవి ఐదు గంటలు ఆలస్యమయ్యాయి. అప్పటి నుంచి ఒక పాత వాచీని బయలుదేరిన ఊరి టైములోనే ఉంచి, దిగి స్థిమితపడేదాకా దాని ముల్లు ముట్టుకోవడం లేదు. ఫోనును నమ్ముకుంటే, దిగాక నెట్‌వర్కు అందగానే అది తనంతట తానే టైము మార్చేసుకుంటుంది.

మీ అమ్మగారు ఇప్పుడు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు వేసుకుంటారనుకుందాం. నాన్‌స్టాప్‌లో సింగపూర్ టైము ప్రకారం 6 గంటలదీ 2 గంటలదీ విమానంలోనే వస్తాయి. మీరు దిగేసరికి సింగపూర్‌లో సాయంత్రం 6:50 అవుతుంది, రాత్రి 10 గంటల మాత్రకు న్యూయార్క్‌లో ఉదయం 9 అవుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 24 గంటలు పోతే మూడూ దారిలోనే పడతాయి. అక్కడ స్థిరపడ్డాక ఇదే వరుస కొనసాగిస్తే ఉదయం 9, సాయంత్రం 5, రాత్రి 1 అవుతాయి కాబట్టి, వేళలను నెమ్మదిగా ఎలా జరుపుకోవాలో డాక్టరును ముందే అడిగి రాయించుకోండి. విమానాశ్రయంలో ముందు గడిపే మూడు గంటలూ దిగాక ఇమిగ్రేషన్ వరుసలో గడిపే సమయమూ కూడా లెక్కలో వేసుకొని, మాత్రలను చేతిసంచిలోనే పెట్టుకోండి. లోపల వేసిన పెట్టెలోని మందు దారిలో మీకు అందదు.

నిదానంగా:

అందరికీ నమస్కారాలు. డాక్టరు గారితో మాట్లాడాను. కాళ్ల వాపు దృష్ట్యా మధ్యలో నడిచే వీలుంటేనే మేలన్నారు, మాత్రల వేళలు జరుపుకోవడానికి నాలుగు రోజుల పట్టిక రాసిచ్చారు. కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లడానికే నిశ్చయించుకున్నాం. రెండోగడియారం గారు చెప్పినట్టు అమ్మ పాత వాచీకి కొత్త బ్యాటరీ వేయించి, మూడు మాత్రలనూ మూడు చిన్న కవర్లలో వేసి, ఒక్కోదాని మీద సింగపూర్ టైము రాసిపెట్టాను.

గ్లోబు లేకపోవడం వల్ల పక్కింటి పిల్లవాడి బంతి మీద చుక్కలు పెట్టి దారం బిగించి చూశాం, పాతపటం గారు చెప్పినట్టే అది పైకి జారిపోయింది. ధ్రువం దాకా దారం వెళ్లడం కళ్లారా చూసిన అమ్మ, తీరా మనం ఎక్కే విమానం ఆ దరిదాపులకు కూడా పోదని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకుంది. జనవరిలో అక్కడ రాత్రింబవళ్లూ చీకటేనని, పోయినా కిటికీలోంచి కనపడేదేమీ ఉండదని చెప్పి ఒప్పించాను.